బాయి కాడి లెక్క

ఉత్తర తెలంగాణలో 'బాయి' అంటే రెండు అర్థాలు. శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని వాళ్లకు బాయి అంటే బొగ్గుగని. అక్కడి నుంచి నాలుగు మైళ్లు జరిగితే, బాయి అంటే పొలంలో మోటరు ఉన్న చోటు. రాత్రి షిఫ్టుకు మొదటి బాయిలో దిగే కార్మికుడి తలకు దీపం ఉంటుంది, కాళ్లకు బూట్లుంటాయి. 1952 నాటి గనుల చట్టం, దాని వెంట వచ్చిన నిబంధనలు అవి ఉండి తీరాలన్నాయి. లోపల పెద్ద ప్రమాదం జరిగితే గనుల భద్రతా అధికారులకు నోటీసు పోవాలి, రిజిస్టరులో ఎక్కాలి. అదే రాత్రి రెండో బాయి కాడికి పోయే రైతు కాళ్లకు చెప్పులో, అవీ లేకుండానో గట్టు దాటుతాడు. చేతిలో సెల్‌ఫోన్ లైటు. గడ్డిలో ఏదో కరిస్తే దాన్ని పనిలో జరిగిన ప్రమాదమని ఎక్కడా రాయరు. 'పాము కరిచి మృతి' అని జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి.

ఎన్నిసార్లు వస్తాయన్నది మొదటి లెక్క.

2008లో దేశం మొత్తం మీద పాముకాటుతో చనిపోయారని ప్రభుత్వ ఆస్పత్రుల లెక్కకు ఎక్కినవాళ్లు 1,364 మంది. అంతకు కొన్నేళ్ల ముందు 'మిలియన్ డెత్ స్టడీ' పేరుతో పరిశోధకులు ఇంకో దారి పట్టారు. ఆస్పత్రి కాగితాలు పక్కన పెట్టి, దాదాపు 11 లక్షల ఇళ్లను ఎంచుకుని, 2001 నుంచి 2003 దాకా ఆ ఇళ్లలో ఎవరు, ఎలా చనిపోయారో ఇంటివాళ్లనే అడిగారు. ఆ జవాబులను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 2011లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం పాముకాటు చావులు ఏటా 45,900. ఆస్పత్రి లెక్కలో ఒక్క మనిషి కనిపిస్తే, ఊళ్లల్లో దాదాపు 34 మంది పోయారన్నమాట. ఇంత తేడా ఎందుకొచ్చిందో కూడా అందులోనే ఉంది: చనిపోయినవారిలో ఆస్పత్రిలో కన్నుమూసింది 23 శాతమే. మిగతావాళ్లు ఇంట్లో, దారిలో, మంత్రగాడి గుమ్మం ముందు పోయారు. 97 శాతం చావులు పల్లెల్లోనే. వయసు చూస్తే 15 నుంచి 29 మధ్యవాళ్లు నాలుగో వంతు. నెలలు చూస్తే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే మృగశిర కార్తెలో విత్తనం పడ్డప్పటి నుంచి కలుపులు అయ్యేదాకా.

రాష్ట్రాలవారీగా చావుల రేటులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం: లక్ష జనాభాకు ఏటా 6.2. మొత్తం 5,200 మంది. సంఖ్యలో ఉత్తరప్రదేశ్ 8,700తో మనకంటే ముందుంది, కానీ అక్కడి జనాభా ఎంత, మనదెంత? 2020లో ఇదే పరంపరలో వచ్చిన మరో అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుకు బలయ్యారని అంచనా వేసింది, సగటున ఏడాదికి 58,000. అందులో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదిలో ఒకటి.

ఈ రేటును మన రెండు పాత జిల్లాల మీద పెట్టి చూద్దాం. 2011 జనగణనలో కరీంనగర్ జనాభా 37,76,269. ఆదిలాబాద్‌ది 27,41,239. కలిపితే 65 లక్షల పైచిలుకు. లక్షకు 6.2 చొప్పున ఏటా 404 మంది. ఇది రాష్ట్ర సగటును తెచ్చి అతికించిన కాగితం లెక్క మాత్రమే, అసలు సంఖ్య అంతకంటే తక్కువ కావచ్చు, ఎక్కువా కావచ్చు. కానీ రోజుకొకరు అన్న అంచనా తేలుతున్న చోట, ఏ బొగ్గుగనిలో అయినా ఇలా జరిగితే గనిని ఒక్క పూట నడవనిస్తారా?

చంపే పాములు మాత్రం చాలా కొద్ది. దేశంలో 300కు పైగా జాతులున్నా మన చావుల్లో చాలావాటికి కారణం నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. నాగును పడగ పట్టిస్తుంది. కట్లపాము నిగనిగలాడే నలుపు, ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు. రక్తపింజర లావుగా, వీపు మీద మూడు వరుసల ముదురు మచ్చలతో గొలుసు పరిచినట్టుంటుంది. దగ్గరికి పోతే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని చేత్తో ఎత్తినవాళ్లున్నారు. ఇసుక పింజర రెండడుగులు కూడా ఉండదు. రాళ్ల నేలలో, ఎండిన ఆకుల కింద, సకినం చుట్టినట్టు చుట్టుకుని, పొలుసులు రాపాడిస్తూ రంపం కోసిన చప్పుడు చేస్తుంది. చిన్నదే కదా అని చాలామంది లెక్కచేయరు.

ఈ పాముల గుర్తింపులో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద పుస్తకం తెచ్చాడు. ఏ పాము ప్రాణాంతకమో ఆయనకు ముందు చెప్పింది అక్కడి జనమే, అందుకే పుస్తకంలో తెలుగు పేర్లు తెలుగు పలుకుబడిలోనే ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన పేరుతో పిలిచే రక్తపింజర ఆ పుస్తకంలో 'కాటుక రేకుల పొడ'. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బంగారస్' అన్న లాటిన్ పేరు కూడా మన 'బంగారు పాము' నుంచి వెళ్లినదే.

ఇక పనికి వద్దాం. పాము మనిషిని వెతుక్కుంటూ రాదు, ఎలుకను వెతుక్కుంటూ వస్తుంది. వడ్లున్న చోట, మక్కలున్న చోట, పత్తికట్టె కుప్పేసిన చోట ఎలుక ఉంటుంది. ఎండాకాలం రామగుండంలో పగలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో పాము నీడపట్టున దాక్కుని చల్లబడ్డాక బయటికొస్తుంది. సరిగ్గా ఆ వేళకే మనిషీ బయటికొస్తాడు. ఆ వేళ ఎందుకు రావాల్సి వస్తుందన్నది, నా దృష్టిలో, ఈ మొత్తం కథలో అసలు ప్రశ్న. దానికి జవాబు పాముల శాస్త్రంలో కంటే కరెంటు చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుంది.

2004 మే 14న ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. కరెంటు ఉచితమే, కానీ వచ్చేది రోజుకు ఏడు గంటలు, అదీ విడతలుగా. ఒక వారం పగలు ఎక్కువ, ఇంకో వారం రాత్రి ఎక్కువ. అర్ధరాత్రి రెండింటికి కరెంటు వస్తుందంటే కరీంనగర్ మెట్ట పల్లెల్లో ఊరు ఊరంతా ఆ వేళకు లేచేది. స్టార్టరు డబ్బా తలుపు తీయడం, తడి చేత్తో ఫ్యూజు ముట్టడం, చీకట్లో మడికి మడికి నీరు మళ్లించడం. కరెంటు షాకు, పాముకాటు ఆ రాత్రుల్లో జంటగా తిరిగేవి. నడిచే గట్టు కిందనే ఎలుక బొరియలు, ఆ బొరియల్లోనే పాములు.

2017 జూలైలో పాత కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్లో ప్రయోగాత్మకంగా, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దీన్ని రాజకీయంగా ఎవరెలా చూసినా, పాముల వైపు నుంచి చూస్తే ఇది పెద్ద భద్రతా చర్య. మోటరు వేసే గంట రైతు చేతికొచ్చింది. తెల్లవారాక పోవచ్చు. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగే ఆటో స్టార్టర్లను అప్పుడే తీసెయ్యమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. రాత్రంతా నడిస్తే భూగర్భజలం అడుగంటుతుందన్నది వాళ్ల భయం, అదీ న్యాయమే. కానీ ఆటో స్టార్టరు పోయిందంటే మోటరు వెయ్యాలన్నా ఆపాలన్నా మనిషి కాలినడకన పోవాల్సిందే. పగటి పూట పోతే నష్టం లేదు. యాసంగిలో పొట్టకొచ్చిన వరికి నీళ్లు తక్కువై, పగలు ఓల్టేజీ అందక రాత్రి బయల్దేరితే పాత కథే. ఫోను నుంచే మోటరు వేసే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని రైతు సౌకర్యం కింద అమ్ముతున్నారు. పాముకాటు నివారణ సామాను కింద అమ్మినా తప్పులేదు.

పంటను బట్టి కాటు తీరు మారుతుంది. వరి నాట్లలో, కలుపులో ఆడవాళ్ల పాదాలు, వేళ్లు బురదలో ఉంటాయి. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తిచేన్లలో నవంబరు వచ్చేసరికి చెట్టు నడుము దాకా ఎదిగి సాలు కనబడదు, కాలు ఎక్కడ పడుతుందో చూసుకునే వీలుండదు. ఉట్నూరు, తిర్యాణి అడవుల్లో ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోతకు తెల్లారకముందే వెళ్తారు. యాభై ఆకులు ఒక కట్ట, కట్టల లెక్కన డబ్బులు, కాబట్టి చెయ్యి ఆగదు. పొదలోకి పోయే ఆ చేతికీ, ఎండుటాకుల్లో పడుకున్న ఇసుక పింజరకూ మధ్య జానెడు దూరం.

పని అయిపోయాక పడుకున్నప్పుడు కరిచేది కట్లపాము. అడవి పందుల నుంచి మక్కచేనును కాయడానికి పొలంలోనే నిద్ర, కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యేదాకా వడ్ల కుప్ప పక్కన పరదా పరుచుకుని నిద్ర. ఇది కూడా పనే, కూలి రాని పని. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కోరలు చిన్నవి, కాటు చాలాసార్లు చీమ కుట్టినంత కూడా తెలియదు. నాలుగింటికి కడుపులో మెలిపెట్టి లేస్తారు. రాత్రి తిన్నది పడలేదనుకుని సోడా తాగుతారు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. ఆ తర్వాత ఊపిరి. నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలడం కలిసి కనిపిస్తే, కాటు గుర్తు లేకపోయినా కట్లపామని అనుమానించి ఆస్పత్రికి తీసుకుపోవాలి. దీనికి మందు కంటే ముందు పనిచేసేది దోమతెర. దోమతెర కింద పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తక్కువని నేపాల్ తెరాయి పల్లెల్లో జరిగిన 2007 నాటి అధ్యయనం తేల్చింది. నులక మంచం, దాని మీద తెర, తెర అంచులు పరుపు కిందికి దోపడం: ఇంతే.

బూట్ల సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. గంబూట్లు వేసుకోండని సలహా ఇచ్చేవాళ్లు వాటితో నాటుమడిలో పది అడుగులు వేసి చూడాలి. బురద బూటును పట్టుకుంటుంది, కాలు పైకొస్తుంది. దమ్ము చేసిన మడిలో అవి కుదరవు. గట్టు మీద, పత్తిచేనులో, మక్కచేనులో, గడ్డివాము దగ్గర కుదురుతాయి, అక్కడే ఎక్కువ అవసరం కూడా. పాము సాధారణంగా తన పొడవులో మూడో వంతు నుంచి సగం దాకానే లేచి కొట్టగలదు. నాలుగడుగుల రక్తపింజర అందుకునేది పిక్క దాకా, అంటే మోకాలి కిందివరకు వచ్చే బూటు సరిపోతుంది. కర్రతో నేలను తట్టుకుంటూ పోతే ఆ అదురుకు నాగు, జెర్రిపోతు తప్పుకుంటాయి. రక్తపింజర మాత్రం కదలదు, తన రంగును నమ్ముకుని అక్కడే ఉంటుంది. దానికి కర్ర చాలదు, వెలుతురు కావాలి. తలకు కట్టుకునే టార్చి, గంబూట్లు, దోమతెర, మూడూ కలిపి ఇప్పటి ధరల్లో ఒక డీఏపీ బస్తాకు పెట్టే 1,350 రూపాయల్లో రావడం కష్టమేమీ కాదు.

కాటు పడ్డాక వచ్చే లెక్కలు వేరు. మంత్రగాడి పేరు ఎందుకు నిలుస్తుందో ముందు చూద్దాం. మన దేశపు చికిత్స మార్గదర్శకాలు చెప్పే అంచనా ఇది: కాట్లలో దాదాపు 70 శాతం విషం లేని పాములవి. విషపాము కరిచినా సగంసార్లు విషం ఎక్కదు. నూరు మంది మంత్రగాడి దగ్గరికి పోతే, 70 మందిని కరిచింది ఏ నీరుకట్టో జెర్రిపోతో. మిగిలిన 30 మందిలో 15 మందికి విషమే దిగలేదు. పసరు పోసినా పోయకపోయినా 85 మంది లేచి నడుస్తారు, ఊళ్లో ఆ 85 మందే సాక్షులు. మిగతా 15 మంది సాక్ష్యం చెప్పడానికి ఉండకపోవచ్చు. వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా అని అడిగే పరీక్షకూ విలువ లేదు. రక్తపింజర విషం నాలుక రుచిని చంపదు, రక్తం గడ్డకట్టే గుణాన్ని చంపుతుంది. చేదు బాగానే తెలుస్తుంటుంది, లోపల కిడ్నీలు పాడవుతుంటాయి.

కొయ్యడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మూడూ చేటే. కట్టు వల్ల విషం ఒక్కచోట నిలిచి కండ కుళ్లుతుంది. అప్పటికే ఎవరో కట్టేసి ఉంటే దారిలో విప్పకూడదు. ఆగిన విషం ఒక్కసారిగా పైకి పాకవచ్చు, డాక్టరు పక్కనుండగా విప్పాలి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా, విరిగిన ఎముకకు దబ్బ కట్టినట్టు వదులుగా కట్టి, ఉంగరం, మెట్టె, కడియం తీసేసి, బయల్దేరాలి. పామును చంపి సంచిలో తేవాల్సిన పని లేదు. నాలుగు రకాల పాములకూ మందు ఒక్కటే. చంపడానికి పోయి రెండోవాడు కాటు తిన్న సంఘటనలున్నాయి, పైగా తెగిన తల కూడా కాసేపు కరవగలదు.

108 రావడం ఆలస్యమయ్యే ఊళ్లకు నేపాల్ నుంచే ఇంకో అంకె. అక్కడి ఆగ్నేయ పల్లెల్లో కొందరు యువకులను తయారుచేసి, కాటు తిన్నవాళ్లను మోటార్ సైకిల్ మీద నడిపేవాడికీ వెనక పట్టుకునేవాడికీ మధ్య కూర్చోబెట్టి ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు చేశారు. కరిచినవారిలో చనిపోయేవాళ్ల శాతం 10.5 నుంచి 0.5కు పడిపోయింది. మందు పాతదే, డాక్టర్లూ వాళ్లే. మారింది దారిలో పోయే సమయం, ఆస్పత్రికి పోవాలన్న నిర్ణయం. బండి లేని ఇల్లు తక్కువగా ఉన్న జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఇది రేపే చెయ్యగలిగిన పని.

ఆస్పత్రిలో 'పది సీసాలు ఎక్కించారు' అనే మాట వినే ఉంటారు. ఆ పది ఎక్కడి నుంచి వచ్చింది? విరుగుడు సీసా 10 మిల్లీలీటర్లు. ఒక్కో మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర లేదా నాగు విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము లేదా ఇసుక పింజర విషాన్ని విరుస్తుంది. రక్తపింజర ఒక్క కాటులో సగటున దింపేది 63 మిల్లీగ్రాములు. పది సీసాలంటే 100 మిల్లీలీటర్లు, విరిచేది 60 మిల్లీగ్రాములు. పది అందుకే. పసిపిల్లకూ అదే పది, ఎందుకంటే పాము పిల్లను చూసి విషం తగ్గించదు. రక్తపింజర, ఇసుక పింజర విషం ఎక్కిందో లేదో తేల్చే పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు: రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే మందు మొదలు. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష, ఎందుకంటే పోయిన గడ్డకట్టే పదార్థాలను కాలేయం తిరిగి తయారు చెయ్యడానికి దాదాపు ఆ సమయం పడుతుంది. అప్పటికీ గడ్డకట్టకపోతే ఇంకో విడత. పొడి రూపంలో ఉన్న మందుకు ఫ్రిజ్ అక్కర్లేదు కాబట్టి ఏజెన్సీ ఆరోగ్య కేంద్రంలో కరెంటు పోయినా పాడవదు. ఇది గుర్రాల రక్తం నుంచి తీసే మందు, కొందరికి పడదు. డాక్టరు పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని ఎక్కించాలి. ఆర్‌ఎంపీ ఇంట్లో బల్ల మీద ఎక్కించేది కాదు.

ఆ గుర్రాలకు ఎక్కించే విషం ఎక్కువగా వచ్చేది చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో 1978లో పెట్టిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి. పాముతో పనిచేయడమే ఉద్యోగమైన చోటు అది. పట్టిన పామును 21 రోజులు మట్టి కుండలో ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తరాల పనితనం ఉన్న వాళ్లకు కూడా పామంటే తొందర లేదు, ప్రదర్శన లేదు. మన దగ్గర ఇళ్లల్లో దూరిన పాములను పట్టే యువకులకు ఆ రెండూ ఎక్కువవుతున్నాయి. 2024 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లాలో ఒక యువకుడు వీడియో కోసం నాగు తలను నోట్లో పెట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. పామును పట్టేవాడి సామాను కొక్కెం, గొట్టం, సంచి. చెయ్యి ఆ జాబితాలో లేదు.

చివరిది డబ్బు లెక్క. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, పాముకాటుకూ వస్తాయి. పట్టా లేని కౌలురైతు ఇందులో లేడు, కూలీ లేదు. అరవై దాటి ఇంకా పొలానికి పోయే తాత లేడు. బతికి బయటపడ్డవాళ్ల సంగతి అసలే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పాముకాటుతో చనిపోయేవారు ఏటా 81,000 నుంచి 1,38,000 మంది. వేలో కాలో కోల్పోయి, శాశ్వతంగా దెబ్బతిని బతికేవాళ్లు దానికి దాదాపు మూడింతలు. 2030 నాటికి చావులను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చెయ్యాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. ఆ నమోదులో కాటు వేళకు మనిషి ఏ పనిలో ఉన్నాడు, ఎవరి చేనులో ఉన్నాడు అన్న గడి కూడా ఉంటే ఈ కథనంలో నేను వేసిన 404 లాంటి అతుకుల లెక్కలతో పని ఉండదు.

నాగుల పంచమి నాడు మన పల్లెల్లో నాగలి కట్టరు, నేల తవ్వరు. అది శ్రావణంలో వస్తుంది, కాట్లు ఎక్కువగా పడే నెలల నడుమ. మర్నాడు కలుపుకు పోతారు. ఆ కలుపులో వేలికి కాటు పడి, పది సీసాలతో ప్రాణం నిలిచి, వేలు మాత్రం కుళ్లి తీసేయాల్సి వచ్చిన కూలీ దసరా దాటాక మళ్లీ పత్తి ఏరడానికి వస్తుంది. ఆదిలాబాద్‌లో పత్తి ఏరితే కూలి కిలోల లెక్కన ఇస్తారు.